సగానికి మూడోవంతు కలిపిన రోజు

ఉద్యోగం విరమించినవాళ్లు కలం పట్టుకుంటే కట్టిన కట్టడాలన్నీ తామే నెత్తిన మోసినట్టు రాసుకుంటారు. నా దగ్గరా అలాంటి గొప్పలు కొన్ని ఉన్నాయి. అవి నాతోనే పోనివ్వండి. మొన్న తిరుపతిలో మా పక్కింటి కుర్ర ఇంజనీరు వచ్చి, "తాతా, మీ కాలంలో లెక్కలన్నీ చేత్తోనే చేసేవాళ్లంట కదా, తప్పులు దొర్లేవి కావా?" అని నవ్వుతూ అడిగాడు. దొర్లింది నాయనా, ఒక తప్పు దొర్లింది. ఆ రోజు అతనికి కాఫీ ఇచ్చి పంపేశాను గానీ నోరు విప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అతని ఈడు వాళ్లందరూ వినండి.

అవి యుద్ధం రోజులు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. మెట్ట పొలాల్లో కూడా నాలుగు గింజలు పండించాలని సర్కారువాళ్లు ఊళ్లలో బావులు తవ్విస్తున్నారు. నేను స్కూలు ఫైనలు లెక్కల్లో బొటాబొటి మార్కులతో గట్టెక్కి, మేనమామ సిఫారసుతో వర్కు ఇన్‌స్పెక్టరుగా చేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సత్యవేడు దాటాక ఒక చిన్న పల్లె బయట బావి పని నాకు అప్పజెప్పారు. ఓవర్సీరు వారానికొకసారి సైకిలు మీద వచ్చి చూసిపోయేవాడు. మిగతా రోజుల్లో ఆ బావికి నేనే దొరను. జేబులో మామగారు పెట్టిన గడియారం, దానికి సెకన్ల ముల్లు. ఆ ముల్లును చూసుకుని మురిసినంతగా కొత్త పెళ్లాన్ని చూసి కూడా మురవలేదు. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముప్పై అడుగులు దిగేసరికి బావిలో బండ తగిలింది. ఇక గడ్డపారలకు లొంగదు. బండలో బెజ్జాలు తొలిచి, పేలుడుమందు కూరి, ఒక్కో బెజ్జానికి ఒక మందుతాడు పెట్టి ముట్టించాలి. అరవదేశం పొరుగునే కదా, అక్కడి కూలివాళ్లు ఆ తాడును తిరి అనేవాళ్లు. తిరి కాలుతూ పోయి మందును అందుకునేలోపల, ముట్టించిన మనిషి నిచ్చెనెక్కి పైకి వచ్చి రాళ్లగుట్ట చాటుకు చేరాలి. తిరి పొట్టిదైతే ఆ మనిషి చేరలేడు. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

మేస్త్రీ అరవై దాటిన మనిషి. అక్షరం ముక్క రాదు. ముట్టించే పని అతని అల్లుడిది. సొంత అక్క కొడుకే, తన కూతుర్నిచ్చుకున్నాడు. ఆ అమ్మాయి కూడా మా బావి దగ్గరే రాళ్లగంప మోసేది. ముగ్గురూ పొద్దున్నే ఒకే సంగటి ముంత తెచ్చుకుని ఒకే చోట కూర్చుని తినేవాళ్లు.

వాళ్లకొక పద్ధతి ఉండేది. తిరిని ముట్టించేవాడి మూరతోనే కొలవాలి. మేస్త్రీ మూర పనికిరాదు, ఇంకెవరి మూరా పనికిరాదు. ప్రతిసారీ అల్లుణ్ని ఎదురుగా నిలబెట్టి, మోచేతి నుంచి వేలికొస దాకా ఆరుసార్లు కొలిచి, అప్పుడు కత్తి పెట్టేవాడు. ఆరు మూరలంటే దగ్గర దగ్గర తొమ్మిదడుగులు.

"వాని పానానికి వాని చెయ్యే కొలత సామీ. మా నాయన కాలం నుంచీ ఇంతే," అనేవాడు.

నాకది చాదస్తంగా కనిపించేది. మనిషికో మూర, చెట్టుకో గజం, ఇదేం కొలత అని ఎగతాళి చేసేవాణ్ని.

తిరి చుట్టలు మద్రాసు నుంచి రైల్లో తడ స్టేషనుకు వచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద మాకు చేరాలి. యుద్ధం ముదిరాక రావడం బాగా తగ్గిపోయింది. ఒకరోజు ఓవర్సీరు వచ్చి ఉన్న ఒక్క చుట్టనూ చేత్తో ఎత్తి చూశాడు.

"దీంతోనే బావి ముగించల్ల. మళ్లీ ఎప్పుడు వస్తాదో దేవునికే తెలియాల. ఈ మూర్లూ జానలూ కట్టిపెట్టు. నీకు సదువుండాది, గడియారముండాది. ఎంత కావల్లో లెక్కగట్టి అంతే కొయ్యించు," అన్నాడు.

నా చేతికి కిరీటం ఇచ్చినట్టయింది. మర్నాడే పరీక్ష పెట్టాను. మందు లేదు, నిప్పు లేదు. అల్లుణ్ని ఉత్త బావిలోకి దింపి, అయిదు బెజ్జాల దగ్గరా వంగి ముట్టించినట్టు చేసి, తర్వాత మామూలుగా ఎక్కి రాళ్లగుట్ట వెనక్కి రమ్మన్నాను. గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడ్డాను. కూలివాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

కింది నుంచి అతను అరిచాడు: "ఏంది సామీ, పెండ్లిసూపుల్లో గూడా నన్ను ఇంతసేపు ఎవురూ సూడలేదు!"

"ఆ పొద్దు సరింగా సూసుంటే నిన్ను సేసుకునేదాన్నా?" అని పైనుంచి అతని భార్య అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

అయిదూ ముట్టించడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. ఎక్కి గుట్ట చాటుకు చేరడానికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. అతని ఎడమ మోకాలు కొంచెం పట్టేసేది, అందుకని నిచ్చెన మీద ఆలస్యం. మొదటి తిరి ఈ రెండూ కలిపినంతసేపు కాలాలి. ఇక తిరి అడుగు ముక్క కోసి బండ మీద కాల్చి చూస్తే అరనిమిషంలో కాలిపోయింది. ఇంతవరకూ ఏ తప్పూ లేదు. గడియారం తప్పు చెప్పలేదు, అతనూ తప్పు చేయలేదు.

ఆ ఇరవై సెకన్లను ఇరవై సెకన్లుగానే రాసుకుని ఉంటే చంటిపిల్లవాడైనా కూడేవాడు. ఓవర్సీరు మెచ్చుకోవాలి కదా! నిమిషంలో ఇరవై సెకన్లంటే మూడోవంతు. అందుకని కాగితం మీద ఒకటిన్నర, దాని కింద రెండూ మూడోవంతు అని ముచ్చటగా భిన్నాల్లో వేశాను.

మా వీధిబడి పంతులు నేర్పినవన్నీ సగాలే. అర, అందులో సగం కాలు, అందులో సగం అరకాలు, ఇంకో సగానికి వీసం. వాటిని నిద్రలో లేపి అడిగినా కూడి చెప్పేవాణ్ని. మూడోవంతు ఆ వరసలో లేదు. అది హైస్కూల్లో వచ్చింది. హారాలు వేరైతే ముందు వాటిని సమానం చేసుకోవాలని అక్కడి అయ్యవారు బెత్తం పట్టుకుని మరీ చెప్పాడు. నేను ఆ రోజు బడికి పోయానో, కిటికీలోంచి బయటికి చూస్తున్నానో. ఏం చేశానో చెబుతాను, నవ్వకండి. ఒకటీ రెండూ మూడు. ఇక భిన్నాలు. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు. మొత్తం మూడు నిమిషాలూ, అయిదింట రెండు వంతులూ.

సగానికి ఇంకొకటి ఏదైనా కలిపితే సగం కంటే పెరుగుతుందా, తగ్గుతుందా? అయిదింట రెండు వంతులంటే సగం కంటే తక్కువ. ఈ ప్రశ్న మా బావి దగ్గర గంప మోసే ఏ అమ్మను అడిగినా సరిగ్గా చెప్పేది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

నిమిషానికి రెండడుగులు కాబట్టి ఆ మొత్తాన్ని రెట్టింపు చేశాను. ఆరడుగుల మీద అయిదింట నాలుగు వంతులు వచ్చింది. మిగతా అయిదోవంతు నేను ధర్మం చేసి ఏడడుగులు అన్నాను. ఉదారంగా ఇచ్చాననే అనుకున్నాను కూడా. బెజ్జానికి రెండడుగుల తిరి మిగిలింది, ఓవర్సీరు దగ్గర ఈ సంగతి ఎలా చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకున్నాను.

రెండు రోజులకు అయిదు బెజ్జాలూ తయారయ్యాయి. పొద్దు బాగా ఎక్కింది. మేస్త్రీ నేను చెప్పినట్టే అడుగుబద్దతో ఏడేసి అడుగులు అయిదు ముక్కలు కోశాడు. కోసి, ఊరుకోకుండా, ఒక ముక్కను అల్లుడి చేతికి పెట్టి కొలిచాడు. కొలిచి నా దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఇది నాలుగున్నర మూర్లకు బెత్తెడే ఎక్కువుండాది. సాలదు."

"చాలుతుంది. కాగితం మీద వేసి చూశాను," అన్నాను.

"కాయితం సంగతి నాకు తెల్దు. ఆరు మూర్లకు అలవాటుపడిన కాళ్లు వానివి. ఇంగో మూర ఇయ్యి సామీ, నీకు పుణ్యముంటాది."

నలుగురు కూలివాళ్లు వింటున్నారు. నాకు చిన్నతనమనిపించింది.

"నీకంత లెక్క వస్తే నువ్వే ఇన్‌స్పెక్టరు అయ్యేవాడివి. పో, పని చూడు," అన్నాను.

ముసలాయన మొహం మాడిపోయింది. అతను నా తండ్రి కంటే పెద్దవాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, కానీ చిన్న సిగ్గుల సంగతి తర్వాత.

అల్లుడే సర్దిచెప్పాడు. "ఇడ్సిపెట్టు మామా. సదువుకున్న సామి, లెక్క తప్పుతాడా? నేను రోంత బిరబిరా ఎక్కుతాలే."

"బిరబిరా ఎక్కేటోడివే! మోకాలు పట్టుకోని మూలిగేది ఎవురు?" అని అతని భార్య గంప దించుతూ అంది. అతను ఆమె వైపు చూసి నవ్వి, కొస రాజుకున్న కొబ్బరిపీచు తాడు చేతికి చుట్టుకుని నిచ్చెన దిగాడు.

అందరం రాళ్లగుట్ట వెనక్కి చేరాం. కింది నుంచి "ఒకటీ!" అని కేక వినిపించింది. ముల్లు చూశాను. తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు. అచ్చంగా ఒకటిన్నర నిమిషం. నేను మేస్త్రీ వైపు చూసి తల ఎగరేశాను, చూశావా అన్నట్టు. అతను నన్ను చూడటం లేదు. గట్టు మీదికి పొడుచుకొచ్చిన నిచ్చెన కొసలనే చూస్తున్నాడు. అవి కదులుతున్నాయి.

మూడు నిమిషాలు దాటాక అతని తలగుడ్డ కనిపించింది. తర్వాత మొహం కనిపించింది. ఒక చెయ్యి గట్టు మీద వేశాడు. ఇంకో ఇరవై సెకన్లు ఉంటే మా మధ్యకు వచ్చి చెమట తుడుచుకునేవాడు. మొదటి బెజ్జం పేలింది.

పొగ తగ్గాక చూస్తే గట్టు మీద చెయ్యి లేదు. నిచ్చెనా లేదు.

ఆ అమ్మాయి లేచి పరుగెత్తింది. మేస్త్రీ వెనకనుంచి నడుం పట్టుకుని కింద పడేశాడు. లోపల ఇంకా నాలుగు తిర్లు కాలుతున్నాయి. అవన్నీ పేలేదాకా ఎవరూ బావి దగ్గరికి పోకూడదు. పోతే ఇంకో ప్రాణం పోతుంది. ఆమె అతని చేతులు కొరికింది, మొహం గీరింది. "ఇడ్సు నాయనా, ఇడ్సు! కూతేస్తాండాడు, నాకినబడతాండాది!" అని అరిచింది. నాకేమీ వినపడలేదు. వినపడలేదనే నమ్ముతున్నాను. మేస్త్రీ ఆమెను నేలకు అదిమిపట్టి, పెద్దగా ఏడుస్తూనే, ఒక్కొక్క పేలుడూ లెక్కపెట్టాడు. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆ నాలుగూ పేలడానికి నిమిషమూ అరనిమిషమూ పట్టింది. నేను ఆ గడియారం చేత్తో పట్టుకునే ఉన్నాను.

తర్వాత బావిలోంచి తీసినదాని గురించి రాయను.

సాయంత్రం ఓవర్సీరు వచ్చాడు. చూసి, నన్ను డేరాలోకి పిలిచాడు. "రేపు జిల్లా ఆపీసు నుంచి పెద్దాయన వస్తాడు విచారణకు. నీ లెక్క కాయితం సిద్ధంగా పెట్టుకో. నీ లెక్క సరిగ్గా ఉంటే నీకు భయంలేదు," అన్నాడు.

అతను పోయాక కాగితం తీశాను. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నాకు అనుమానం రాలేదు. తిరి పాడైపోయి ఉంటుందనుకున్నాను. ఒకటిన్నర, రెండూ మూడోవంతు. చూస్తూ ఉండగా హైస్కూలు అయ్యవారి గొంతు చెవిలో పడింది. రెండుకూ మూడుకూ కలిసే అంకె ఆరు. సగమంటే ఆరింట మూడు. మూడోవంతంటే ఆరింట రెండు. కలిపితే ఆరింట అయిదు. మొత్తం మూడు నిమిషాలూ, ఆరింట అయిదు వంతులూ. దానికి తిరి ఏడడుగుల ఎనిమిదంగుళాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, అది. లేచి డేరా బయటికి పోయాను.

వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఇంకో కాగితం తీసుకుని ఈ కొత్త లెక్కను అందంగా రాశాను. ఏడడుగుల ఎనిమిదంగుళాలు అని కింద రెండు గీతలు గీశాను. పాత కాగితాన్ని వంటపొయ్యిలో వేశాను. హారాలు వేరైన భిన్నాలను నా జన్మలో మొదటిసారి సరిగ్గా కూడింది అప్పుడే, ఒక ముసలాయన మీదికి నేరం తొయ్యడానికి.

మర్నాడు పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చుని నా కాగితం రెండుసార్లు చదివాడు. "లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు. చుట్టలో మిగిలిన తిరిని కొలిపించాడు. తర్వాత మేస్త్రీని పిలిచాడు.

"ముక్క ఎంత కోసినావు?"

"ఏడడుగులు సామీ."

"కాగితంలో ఏడడుగుల ఎనిమిదంగుళాలు ఉంది."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. అడిగినట్టు చూశాడు, అంతే. నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. నేను నేల చూశాను, ఏమీ అనలేదు.

అతను మళ్లీ పెద్దాయన వైపు తిరిగాడు. "కాయితంలో అట్లుంటే అట్లే అయ్యుంటాది సామీ. నేనే మరిసిపొయ్యుంటా," అన్నాడు. వెనక కూలివాళ్లలో నిలబడి అతని కూతురు ఆ మాట విన్నది. మేస్త్రీని ఆ రోజే పనిలోంచి తీసేశారు. మా శాఖలో మరెక్కడా అతనికి పని ఇవ్వకూడదని రాశారు.

బావిలో నీళ్లు పడ్డాయి. తియ్యటి నీళ్లు. ఆ చుట్టుపక్కల వరి పండింది. నాకు ఓవర్సీరు పని వచ్చింది, పై ఉద్యోగాలకు పోయాను, చివరికి పూలదండతో ఇంటికొచ్చాను. నా కింద పనిచేసిన కుర్రాళ్లు కూడిన ప్రతి భిన్నాన్నీ రెండోసారి నేనే కూడేవాణ్ని. ముసలోడికి పిచ్చి అనుకున్నారు. అనుకోనీ. మీరు మాత్రం కాగితం మీద ఏది వచ్చినా, ఆ లెక్కలోకి దిగే మనిషిని ఒకసారి అడగండి, చాలుతుందా అని. అతను చాలదంటే ఇంకో మూర ఇవ్వండి. మీ సొమ్మేం పోదు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే, ఏదో కుర్రతనంలో భయపడ్డాడు పాపం అని మీరు నన్ను క్షమించేస్తారు. అందుకని ఇంకొకటి చెప్పాలి.

కర్మాంతరాలయ్యాక ఒక పొద్దున మేస్త్రీ నా డేరాకు వచ్చాడు. కూతుర్ని దూరంగా నిలబెట్టి తనొక్కడే దగ్గరికి వచ్చాడు. పది రోజుల్లో పదేళ్లు ముసలివాడయ్యాడు.

"ఒక్కటే అడగల్లని వచ్చినా సామీ. ఆ ఎనిమిదంగుళాలు ఎంతుంటాదో సూపీ."

అడుగుబద్ద తీసి, ఎనిమిది దగ్గర బొటనవేలు పెట్టి చూపించాను. అతను దాని మీద అరచెయ్యి చాపి పెట్టి చూసుకున్నాడు.

"జానెడు గూడా లేదే," అన్నాడు. చెయ్యి తీసేసి మళ్లీ అన్నాడు: "నా బిడ్డ నాతో మాట్లాడదు సామీ. 'నువ్వే కోసినావు నాయనా' అన్నింది ఒకేతూరి, మళ్లా నోరు తెరవలేదు. నిజమే గదా. నువ్వు ఆ ఎనిమిదంగుళాలు సెప్పింది నాకు రవ్వంత గూడా గ్యాపకం రాలేదు. ఎంత ఆలోసన సేసినా రాలేదు. ఇట్లాంటి మతి పెట్టుకోని నేను తిరి కొయ్యగూడదు."

ఒక్క మాట చాలు. నువ్వు మరిచిపోలేదు, నేను చెప్పలేదు అంటే చాలు. ఆ అమ్మాయి వినేంత దూరంలోనే ఉంది. అల్లుణ్ని నేను తెలియక చంపాను. ఆ తండ్రీకూతుళ్లను మాత్రం తెలిసే చంపాను, ఆ పొద్దున, కుర్చీలో కూర్చుని. ఉద్యోగం పోతుందని, జైల్లో పెడతారని భయం. ఇంకేమీ లేదు, ఇంతకంటే గొప్ప కారణం చెప్పాలన్నా లేదు.

"నీ మేలు మరవను సామీ," అన్నాడు మేస్త్రీ. "పోలీసుల దంకా పోకుండా నువ్వే ఆపినావంట గదా. ఓవర్సీరు సామి సెప్పినాడు." నేను ఎవర్నీ ఆపలేదు. పోలీసులొస్తే శాఖకు అప్రతిష్ఠ అని పైవాళ్లే ఆపుకున్నారు. అతను రెండు చేతులూ జోడించాడు. వెనక్కి తిరిగి, "అమ్మా, సామికి దండం పెట్టు," అన్నాడు.

ఆ అమ్మాయి తండ్రి మొహం చూడలేదు. నా వైపు తిరిగి దండం పెట్టింది.

"సరే, వెళ్లి రండి," అన్నాను.